సూర్యలంక మీద వన్స్‌మోర్

1964 ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయం పదిన్నరకు సూర్యలంక ఇసుక మీద దిగవలసిన విమానం దిగలేదు. తూర్పుగా, నిజాంపట్నం వైపు వెళ్లిపోయింది. అందులో ఇద్దరున్నారు. నడుపుతున్నది దేవసహాయం. ముందు సీట్లో కూర్చున్నది తెనాలి నాటకాల నటి సుబ్బరత్నమ్మ.

కింద జనంలో వెంకటప్పయ్య నిలబడి ఉన్నాడు. ఆయన కండువా భుజం మీద లేదు, చేతిలో ఉంది.

వెంకటప్పయ్య నాటకాల కంట్రాక్టరు. ఊరు తెనాలి, వయసు యాభై ఎనిమిది. నటుల్ని, హార్మోనియం వాయించేవాణ్ణి, తెరల్ని, పెట్రోమాక్సు లైట్లని ఒకచోట చేర్చి, అడిగిన ఊరికి తీసుకెళ్లి, నాటకం ఆడించి తీసుకురావడం ఆయన పని. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నాడు. మొదట్లో ఊళ్లే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవి. తర్వాత ఆయన ఊళ్లను వెతుక్కుంటూ తిరగవలసి వచ్చింది. సినిమా హాలు వచ్చిన ఊళ్లో నాటకం ఎవరికీ అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్లు కూడా మధ్యలో రికార్డు డాన్సు ఉంటేనే రమ్మనేవాళ్లు.

దేవసహాయం ఆ జనవరిలో తెనాలి స్టేషన్లో టీ తాగుతూ పరిచయమయ్యాడు. ఒకప్పుడు మద్రాసులో ఒక క్లబ్బులో విమానం నడపడం నేర్పేవాడు. ఆ క్లబ్బు వాళ్లు ఒక పాత విమానాన్ని వేలం వేస్తే కొనుక్కుని, ఊరూరా ఎగరేసి చూపిస్తున్నాడు. రెండు జతల రెక్కలు, రెండు సీట్లు, నెత్తిన కప్పు లేదు. చదునైన నేల దొరికితే ఎక్కడైనా దిగుతానన్నాడు. ఈ వైపు చదునైన నేల ఎక్కడ దొరుకుతుంది? నాలుగు అడుగులకొక గట్టు, గట్టు దాటితే కాలవ. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక ఒక్కటే గట్టిగా ఉంటుందని వెంకటప్పయ్యే చెప్పాడు. ఇద్దరూ బాపట్లలో రైలు దిగి, జట్కా మీద సూర్యలంక చేరి, ఇసుకను మడమలతో తొక్కి చూశారు. దేవసహాయం సరేనన్నాడు.

అక్కడి నుంచి వెంకటప్పయ్య తనకు అలవాటైన దారిలోనే పని నడిపించాడు. తెనాలిలో కరపత్రాలు వేయించాడు. ఒడ్డున తాటాకు దడి కట్టించాడు. దడి లోపల కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులు పెట్టాడు. దడి పని అయ్యేసరికి శనివారం పొద్దు వాలింది. చేపల గంపతో పోతున్న ఒక ముసలమ్మ ఆగింది. దడిని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తర్వాత పైకి చూసింది.

“ఆడేది పైన గదా బాబూ, దడి కింద కట్టావేంటి?”

అప్పటిదాకా వెంకటప్పయ్యకు ఆ సంగతి తట్టలేదు. ముప్ఫై ఏళ్లలో దడి లేకుండా ఆయన ఏదీ ఆడించలేదు.

ఇక కరపత్రం మీద మిగిలింది సుబ్బరత్నమ్మ పేరు. విమానంలోంచి ఆమె జనం మీద పూలు చల్లుతుందని అందులో ఉంది.

సుబ్బరత్నమ్మకు నలభై ఆరేళ్లు. పదిహేడో ఏట వెంకటప్పయ్య దగ్గర మొదటి వేషం కట్టింది. రాణి వేషాలకు ఆమె పెట్టింది పేరు. ఈ ప్రాంతపు నాటకాల జనానికి ఒక అలవాటుంది. పద్యం నచ్చితే ‘వన్స్‌మోర్’ అని అరుస్తారు. అరిచి ఊరుకోరు, భుజాన ఉన్న తెల్ల కండువా తీసి గాలిలో తిప్పుతారు. ఆ పద్యం మళ్లీ పాడాలి. పాడందే నాటకం ముందుకు కదలనివ్వరు. యుద్ధంలో చచ్చి పడిపోయిన రాజు లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ పడిపోవడం వెంకటప్పయ్య కళ్లారా చూశాడు. సుబ్బరత్నమ్మకు ఒక పద్యానికి ఐదుసార్లు వన్స్‌మోర్ పడిన రోజులున్నాయి. చివరిసారి పడింది వేమూరులో, ఎనిమిదేళ్ల కిందట.

1961లో రేపల్లెలో శివరాత్రికి నాటకం పెట్టారు. ఆమె రెండో పద్యం ఎత్తుకోగానే వెనక బెంచీల వాళ్లు చేతులూపుతూ ‘దిగు, దిగు’ అన్నారు. వాళ్లకు డాన్సు కావాలి. ఆమె పద్యం చివరిదాకా పాడి, నమస్కారం పెట్టి దిగింది. తిరుగు రైల్లో ఆ మాట ఎత్తలేదు. వెంకటప్పయ్య కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఆమెకు చెలికత్తె వేషాలు ఇస్తూ వచ్చాడు.

విమానం సంగతి చెప్పడానికి వెళ్లిన రోజు ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“నేను పైకెక్కి ఏం చేయాలండి?” అంది.

“పూలు చల్లాలి.”

“పద్యం?”

“ఆ ఇంజను మోతలో పద్యం ఎవరికి వినపడుతుంది?”

“పద్యం లేనప్పుడు నేనెందుకండి? తెర లాగే మీ మస్తాన్ వలికి చీర కట్టి ఎక్కించండి.”

“నీ పేరుంటే నలుగురూ వస్తారు రత్నమ్మా.”

“రేపల్లెలో పోస్టరు మీద ఉన్నది నా పేరేగా,” అంది ఆమె.

అరగంట పనేనని వెంకటప్పయ్య అన్నాడు. పట్టుచీర కట్టుకోవాలా, నూలు చీర చాలా అని ఆమె అడిగింది. అంటే ఒప్పుకున్నట్టు.

శనివారం సాయంత్రం దడి దగ్గర దేవసహాయం ఇంకో విషయం మాట్లాడాడు. పైన ఉన్న మనిషికి కింద ఉన్న మనిషి ఏదైనా చెప్పాలంటే గుడ్డ ఒక్కటే ఆధారం. ఎర్రగుడ్డ పైనుంచి నల్లగా కనపడుతుంది, పచ్చది ఆనదు, తెల్లదే కావాలన్నాడు. నేల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటే తాను దిగుతాడు. తెల్లగుడ్డ ఊపితే దిగడు, చుట్టు తిరిగి వస్తాడు.

“ఇసుకలో ఏదన్నా అడ్డమొచ్చినా, నా చక్రం ఊడిపోయినా పైన నాకు తెలీదు. చూసి చెప్పాల్సింది మీరే. ఊపారంటే దిగను. అంతే,” అన్నాడు.

ఆ పని మస్తాన్ వలికి అప్పగించారు. మస్తాన్ వలి ఇరవై ఏళ్లుగా నాటకాల్లో తెర లాగుతున్నవాడు. ఒక పంచె తెచ్చి పరిచి చూపించాడు, తీసి ఊపి చూపించాడు. దేవసహాయం సరిపోయిందన్నాడు. అతను నాటకాలు చూసే మనిషి కాదు. మిగతా ఇద్దరూ నాటకాల్లోనే తలలు నెరిసినవాళ్లు. తెల్లగుడ్డ ఊపడమనేది ఈ జనానికి ఎప్పటి నుంచో ఉన్న అలవాటన్న సంగతి ఆ ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే జనం వచ్చారు. తెనాలి నుంచి రైల్లో, కర్లపాలెం నుంచి బళ్ల మీద, వాడరేవు వైపు నుంచి ఇసుక వెంట నడిచి వచ్చారు. వచ్చినవాళ్లు దడి చుట్టూ తిరిగి వెళ్లి, దాని వెనక ఇసుక దిబ్బల మీద కూర్చున్నారు. అక్కడి నుంచి ఇంకా బాగా కనపడుతుంది. దడి లోపల బెంచీలు ఖాళీగా ఉన్నాయి. దిబ్బ మీంచి ఎవరో, “ఏమండీ కంట్రాక్టరు గారూ, ఆ కుర్చీలు ఇటు పంపించకూడదటండీ?” అని అడిగితే మిగతావాళ్లు నవ్వారు. వెంకటప్పయ్య గేటు దగ్గర నుంచి వచ్చేశాడు. అక్కడ ఆయనకు పని లేదు.

తొమ్మిదింబావుకు దేవసహాయం ఒక్కడే ఎగిరాడు. సముద్రం మీద తలకిందులుగా తిరిగాడు, నిట్టనిలువునా పైకి పోయి ఇంజను మోత ఆపి జారాడు. జనం నోరెత్తలేదు. చంకలో పిల్లలున్నవాళ్లు వాళ్ల కళ్లు మూశారు. మస్తాన్ వలి పంచె పరిచాడు, విమానం దిగింది. అప్పుడు చప్పట్లు కొట్టారు. గుడ్డ ఎవరూ ఊపలేదు.

తర్వాత సుబ్బరత్నమ్మ దడి లోపలి నుంచి వచ్చింది. ఎర్ర పట్టుచీర, నడుముకు వడ్డాణం. దేవసహాయం ఆమెకు తోలు టోపీ, పెద్ద కళ్లద్దాలు ఇచ్చాడు. అవి పెట్టుకుంటే తానెవరో ఎవరికి తెలుస్తుందని ఆమె అడిగింది. పెట్టుకోకపోతే గాలికి కళ్లు పోతాయని అతను చెప్పాడు. పెట్టుకుంది. దిబ్బ మీద జనానికి అనుమానం వచ్చింది. ఆవిడేనా, మగాడికి చీర కట్టారా అని ఒకడంటే, వడ్డాణం మాత్రం ఆవిడదే, మా నాన్న చూశాడని ఇంకొకడన్నాడు. బంతిపూల రేకుల గోనెసంచి ఆమె కాళ్ల దగ్గర పెట్టారు.

ఇసుక మీద పరుగెత్తి లేచేముందు ఎడమ చక్రం ఒక చిన్న మిట్టకు తగిలింది. విమానం ఒరిగి, సర్దుకుని, లేచింది. తగిలిన చోట ఇసుక చెదిరింది తప్ప ఏమీ కాలేదు. కింద ఉన్నవాళ్లందరికీ అది కనపడింది. పైన ఉన్న ఇద్దరికీ కుదుపు మాత్రమే తెలిసింది.

దిబ్బల మీదుగా మూడుసార్లు తిరిగారు. పూలు కొన్ని సముద్రంలో పడ్డాయి, కొన్ని దడి మీద, కొన్ని జనం తలల మీద. మూడోసారి విమానం తాటిచెట్ల ఎత్తుకు వచ్చింది. సుబ్బరత్నమ్మ కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి తిప్పి, రేకులు వదిలింది. రాణి వరమిచ్చేటప్పుడు ఆమె స్టేజీ మీద చేసేది అదే.

ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. “ఆ చెయ్యి రత్నమ్మదేరా,” అన్నాడు. కండువా తీశాడు. “వన్స్‌మోర్.”

పక్కవాళ్లు అందుకున్నారు. విమానం దిగడానికి కిందికి వస్తున్న సమయానికి దిబ్బల పొడుగునా కండువాలు లేచాయి. మస్తాన్ వలి పంచె ఇసుక మీద పరిచే ఉంది. విమానం మనిషి ఎత్తు దాకా వచ్చి, దిగకుండా మోత పెంచి లేచిపోయింది.

అడిగితే మళ్లీ చేశారని జనం అనుకున్నారు. చుట్టు తిరిగి మళ్లీ కిందికి రాగానే ఇంకా గట్టిగా అడిగారు. మళ్లీ లేచింది. మూడోసారి వెంకటప్పయ్య కుర్చీలోంచి లేచాడు. ఎనిమిదేళ్ల తర్వాత రత్నమ్మకు వన్స్‌మోర్ పడుతోంది. భుజం మీద కండువా చేతిలోకి ఎప్పుడు వచ్చిందో ఆయన చూసుకోలేదు. అందరితో పాటు తిప్పాడు. విమానం ఆయన మీదుగానే పోయింది. టోపీ కింద ఆమె ముఖం ఆయనకు కనపడలేదు.

నాలుగోసారి కూడా వచ్చి, లేచి, ఈసారి చుట్టు తిరగలేదు. ఒడ్డు వెంట తూర్పుగా పోయింది. జనం చూస్తూ నిలబడ్డారు. మస్తాన్ వలి పరుగెత్తుకుంటూ వచ్చి వెంకటప్పయ్య చెయ్యి పట్టుకున్నాడు.

“గుడ్డండీ,” అన్నాడు. “చేతిలో గుడ్డ.”

వెంకటప్పయ్య చేతిలోకి చూసుకున్నాడు.

బరువు తగ్గించడానికి దేవసహాయం పెట్రోలు గంటన్నరకే పోయించాడు. డబ్బాలు పోసింది మస్తాన్ వలే. పోసినదాంట్లో ఎక్కువ భాగం అయిపోయిందని చెప్పాడు. ఇద్దరూ ఇసుక మీద నిలబడి తూర్పు వైపు చూశారు. జనం కూడా కొంతసేపు చూశారు. తర్వాత వెంట తెచ్చుకున్న అన్నం మూటలు విప్పుకున్నారు. నీళ్లు పంచె దాకా వచ్చాయి. మస్తాన్ వలి దాన్ని తీసి పిండి, చంకలో పెట్టుకున్నాడు.

బాపట్ల పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబులు జరిగింది అడిగి రాసుకున్నాడు. విమానం ఎందుకు దిగలేదన్నాడు. గుడ్డలు ఊపారని వెంకటప్పయ్య చెప్పాడు. ఎవరు ఊపారన్నాడు. జనం అన్నాడు. ఎందుకు ఊపారన్నాడు.

“వన్స్‌మోర్ అనండి.”

హెడ్ కానిస్టేబులు కలం ఆపాడు. ఆయనదీ తెనాలి పక్క ఊరే. ఆ ముక్క రాయకుండా కింది వరుసకు పోయాడు.

పన్నెండు దాటాక రేపల్లె నుంచి ట్రంకాల్ వచ్చింది. నిజాంపట్నం దగ్గర కాలవ సముద్రంలో కలిసేచోట బురదలో విమానం పడింది. రేపల్లెకు సైకిలు మీద వచ్చిన మనిషి చెప్పాడట. ఇద్దరిలో ఒకరు బయటికి వచ్చారు. రెండో మనిషి రాలేదు. వచ్చినవాళ్లు ఎవరని వెంకటప్పయ్య అడిగించాడు. అది సైకిలు మనిషికి తెలియదు.

కర్లపాలెం దాటాక రోడ్డు మీద చప్టా తెగి ఉంది. బస్సులు పోవడం లేదు. ఇక ఉన్న దారి రైలే. బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె, అక్కడి నుంచి బస్సులో నిజాంపట్నం. విమానం పావుగంటలో పోయినచోటికి మనిషి సాయంత్రానికి చేరతాడు. మస్తాన్ వలిని సామాను దగ్గర ఉండమని చెప్పి వెంకటప్పయ్య పాసింజరెక్కాడు.

కిటికీ దగ్గర చోటు దొరికింది. పొద్దున్నుంచీ ఆయన ఏమీ తినలేదు. తినాలని కూడా లేదు. బయట కోసిన చేలలో మినుము మొలిచి ఉంది. బయటికొచ్చిన ఆ ఒక్కరూ రత్నమ్మ అయితే బాగుండునని అనుకున్నాడు. చాలాసేపు అదే అనుకుంటూ కూర్చున్నాడు. అలా అనుకోవడమంటే దేవసహాయం పోవాలని కోరుకోవడమేనని చుండూరు దగ్గర తోచింది. అనుకోవడం మానేశాడు. దేవసహాయానికి పెళ్లాం పిల్లలున్నారో లేదో తాను ఎప్పుడూ అడగలేదని గుర్తొచ్చింది.

తెనాలి స్టేషన్లో జనం నోట సుబ్బరత్నమ్మ అప్పటికే చనిపోయింది. వార్త ఆయనకంటే ముందే వచ్చింది. రేపల్లె బండి ఆగే ప్లాట్‌ఫారం మీద నలుగురు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఎవరు చెప్పారని వెంకటప్పయ్య అడిగితే, అందరూ అంటున్నారని చెప్పారు. స్టేషన్ ఎదురుగా హోటలు నడిపే శివరామయ్య ఆకుల్లో చుట్టిన పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో పూలదండ ఉంది.

“పెద్ద దండే కట్టించానండి. నా పేరు చెప్పి ఆమె మీద వేయండి. నేను రాలేను, కొట్లో మనిషి లేడు,” అన్నాడు.

ఇంకా తెలియదు శివరామయ్యా, రూఢి కాలేదు అని చెప్పాలని వెంకటప్పయ్య నోరు తెరిచాడు. బండి కూత వేసింది. పొట్లం పుచ్చుకుని ఎక్కాడు.

రేపల్లె లైను మీద బండి నెమ్మదిగా నడుస్తుంది. వేమూరులో చాలాసేపు ఆగింది. ఎనిమిదేళ్ల కిందటి పందిరి ఎక్కడ వేశారో చూడాలని ఆయన తల బయట పెట్టాడు గాని, స్టేషన్ నుంచి అది కనపడదు. పొట్లం తడికి పంచె తడిసింది. పక్కన పెడితే ఎవరైనా మీద కూర్చుంటారని ఒళ్లోనే ఉంచుకున్నాడు. ఎదుటి సీట్లో ఆడమనిషి పెళ్లికా అని అడిగింది. కాదన్నాడు.

రేపల్లె బస్సుస్టాండులో నిజాంపట్నం బస్సు కండక్టరు వేరే మాట చెప్పాడు. ఇద్దరూ బతికే ఉన్నారని విన్నానన్నాడు. చూశావా అని వెంకటప్పయ్య అడిగాడు. చూడలేదు, ఇందాకటి ట్రిప్పులో ఎవరో అనుకుంటుంటే విన్నానన్నాడు. వెంకటప్పయ్య అది నమ్మలేదు. తెనాలిలో విన్నదాన్ని నమ్మినంత సులువుగా దీన్ని నమ్మలేకపోయాడు. టిక్కెట్టు తీసుకుని కూర్చున్నాడు.

నిజాంపట్నంలో దిగేసరికి పొద్దు గూకబోతోంది. బస్సు ఆగినచోటే చిన్న మందుల కొట్టు ఉంది. అరుగు మీద దేవసహాయం కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి మెడకు కట్టి ఉంది. జుట్టులో బురద ఎండి తెల్లబారింది. వెంకటప్పయ్యను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

“ఆమె ఏది?” అన్నాడు వెంకటప్పయ్య.

“ఉంది. చేపలు ఆరబెట్టే పాకల దగ్గర. ఆడవాళ్లు తీసుకెళ్లారు.”

వెంకటప్పయ్య అరుగు మీద కూలబడ్డాడు. దేవసహాయం జరిగింది చెప్పాడు. విమానం బురదలో ముక్కు గుచ్చుకుని బోర్లా పడింది. అతను మొదట బయటపడ్డాడు. ఆమె రెక్క కింద చిక్కుకుంది. జాలర్లు పడవ తీసుకొచ్చి, రెక్కకు తొడిగిన గుడ్డ కోసి తీశారు. రేపల్లెకు కబురు తీసుకెళ్లిన సైకిలు మనిషి అంతకుముందే బయలుదేరిపోయాడు. ఆమెకు మోకాలి దగ్గర చెక్కుకుపోయింది తప్ప దెబ్బ లేదు. చెప్పడం అయ్యాక అతను తన అనుమానం అడిగాడు.

“ఇంతకీ ఏ చక్రం పోయిందండీ? ఎడమదేనా?”

“ఏ చక్రమూ పోలేదు.”

“లేచేటప్పుడు కుదిపింది. దిగబోతే ఒడ్డంతా గుడ్డలే. చక్రం ఊడి వేలాడుతోందనుకున్నాను. ఇసుక మీద దిగితే తల పగులుతుంది, బురద మేలని ఇటు తెచ్చాను.”

వెంకటప్పయ్య విషయం చెప్పాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. దేవసహాయం తల వంచుకుని విన్నాడు. నాలుగుసార్లూ అదేనా అన్నాడు. అదేనని వెంకటప్పయ్య అన్నాడు.

“ఆమెతో మాట్లాడటానికి మధ్యలో ఒక గొట్టం ఉంటుంది,” అన్నాడు దేవసహాయం. “దిగొద్దని ఊపుతున్నారమ్మా అని చెప్పాను. భయపడుతుందనుకున్నాను. ‘తెలిసిన జనమే లెండి’ అంది.”

పాకల దగ్గర తాళ్ల కింద పరిచిన వలల మీద నెత్తళ్లు ఎండుతున్నాయి. తాడు మీద ఎర్ర పట్టుచీర ఆరేసి ఉంది. సుబ్బరత్నమ్మ జాలరి ఆడవాళ్లు ఇచ్చిన ముతక చీర కట్టుకుని ఒక దుంగ మీద కూర్చుని ఉంది. పక్కన ఒక ఆడమనిషి ఆమె తలలో బురద తీస్తోంది. కళ్లద్దాల గుర్తులు కళ్ల చుట్టూ ఎర్రగా పడి ఉన్నాయి.

“వచ్చారా,” అంది. “వడ్డాణం పోయిందండి. అద్దెదా, మనదా?”

“మనదే.”

“అయితే సరే.”

వెంకటప్పయ్య నిలబడే ఉన్నాడు. ఆమె ఆయన చేతిలో పొట్లం చూసింది.

“అదేంటండి?”

“దండ.”

“ఎవరికి?”

ఆయన జవాబు చెప్పేలోగానే ఆమెకు తెలిసిపోయింది. తలలో బురద తీసే ఆమె చెయ్యి ఆపి ఇద్దరినీ చూసింది.

“ఎవరిచ్చారు?”

“శివరామయ్య. హోటలు.”

“ముప్ఫై ఏళ్లు ముందు బెంచీలో కూర్చున్నాడు,” అంది సుబ్బరత్నమ్మ. “ఒక్క దండ తేలేదు. ఇటివ్వండి.”

పొట్లం తీసుకుని దుంగ మీద పెట్టింది. విప్పలేదు. తర్వాత వెంకటప్పయ్య, జనం దిగొద్దని ఊపలేదన్నాడు. ఆమె తల తిప్పలేదు. దేవసహాయం పొరపాటు పడ్డాడన్నాడు. పోనివ్వండి అంది. పైకి లేచినప్పుడల్లా కింద కండువాలు చూశాననీ, రేపల్లెలో చేతులే ఊపారు, ఇక్కడ గుడ్డలు కూడా తెచ్చుకున్నారనీ అంది.

“వన్స్‌మోర్ అన్నారు రత్నమ్మా,” అన్నాడు వెంకటప్పయ్య.

ఆమె ఇటు తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన అబద్ధం చెప్పేటప్పుడు ఎలా ఉంటాడో ఆమెకు తెలుసు. ఊరివాళ్లు డబ్బులివ్వలేదని, రైలుకు టైముందని, పెద్ద వేషం ఈసారి కాదు వచ్చేసారి అని చెప్పినప్పుడల్లా చూసింది.

“దేనికి? పద్యం లేదుగా.”

“నువ్వు చెయ్యి తిప్పి పూలు వదిలావు. దాంతో పోల్చుకున్నారు.”

“చెయ్యి తిప్పినందుకా?”

“అవును.”

“మీరూ ఊపారా?”

“ఊపాను.”

సుబ్బరత్నమ్మ తాడు మీద చీర వైపు చూసింది. అది ఇంకా ఆరలేదు. పక్కనున్న ఆమె అడక్కుండానే లేచి, చీర తీసి, మడిచి, పాత గోనెలో చుట్టి ఇచ్చింది. ముతక చీర ఉంచుకోమంది. పద్యం ఒకటి పాడతానన్నావు గదమ్మా అని గుర్తు చేసింది. సుబ్బరత్నమ్మ గొంతులోకి ఉప్పునీళ్లు పోయాయని, ఇంకోసారి వస్తానని చెప్పింది.

రేపల్లె వెళ్లే చివరి బస్సు మందుల కొట్టు ముందు ఆగి ఉంది. దేవసహాయం ముందే ఎక్కి కూర్చున్నాడు. మెట్టు మీద కాలు పెట్టి సుబ్బరత్నమ్మ ఆగింది.

“ఎన్నిసార్లండి?”

“నాలుగు,” అన్నాడు వెంకటప్పయ్య.

ఆమె ఎక్కి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. వెంకటప్పయ్య వెనక సీట్లో కూర్చున్నాడు. ఏడింటికి బస్సు కదిలింది. దండ పొట్లం ఆమె ఒళ్లో ఉంది.